కబురందని పూటకు గీత గీయించిన మనిషి

బస్సు పామర్రు దాటి పొలాల మధ్యకు వచ్చేసరికి ఎస్తేరు రాణి గారి శిష్యుడు కిరణ్ దగ్గర నుంచి ఫోను వచ్చింది. "సర్, మన మేడం..." అన్నంతవరకు వినిపించి తెగిపోయింది. నేను చేశాను. బిజీ. మళ్లీ చేశాను. మళ్లీ బిజీ. అవతల అతనూ నాకే చేస్తున్నాడన్నమాట. అంత గాభరాలోనూ ఎస్తేరు రాణి గారు ఎప్పుడూ అనే మాటే గుర్తుకొచ్చింది: "పిలిచినవాళ్లే మళ్లీ పిలవాలండీ, ఎత్తినవాళ్లు ఊరుకోవాలి. ఇద్దరూ మంచితనానికి పోయి ఇద్దరూ చేసుకుంటుంటే ఇద్దరికీ కలవదు." ఫోను ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాను. మోగింది. ఆ ఉదయం ఇంట్లోనే గుండెపోటు వచ్చిందని, ఆస్పత్రికి చేరేలోపే ఆమె వెళ్లిపోయారని కిరణ్ చెప్పాడు. ఆ మాట స్పష్టంగానే వినిపించింది.

వారం కిందటే మాట్లాడుకున్నాం. "సార్వా పంటకి నీళ్లు ఎప్పుడు వదులుతారో కనుక్కుని చెప్పండి. మనం కాలువ గేటు దగ్గరికి వెళ్లాలి" అన్నారు. కనుక్కున్నాను. ఆ సాయంత్రం ఫోను చేసి చెబుదామనుకుంటున్నాను. మనిషి లేదన్న సంగతి మనసుకు ఎక్కడానికి చాలా సేపు పట్టింది. బస్సు ఊరు చేరేదాకా ఆ తేదీనే మనసులో అప్పజెప్పుకుంటూ కూర్చున్నాను.

గన్నవరం రోడ్డులోని ఒక ఇంజినీరింగు కాలేజీలో డాక్టర్ ఎస్తేరు రాణి గారు కంట్రోల్ సిస్టమ్స్ బోధించారు. పదవీ విరమణ తరవాత కూడా అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని పరిశోధక విద్యార్థులకు మార్గదర్శకత్వం వహించారు. యంత్రం ఒకచోట ఉంటుంది. దాన్ని నడిపించే బుర్ర ఇంకొకచోట ఉంటుంది. రెంటి మధ్య రేడియో కబుర్లే ఆధారం. ఆ కబుర్లలో కొన్ని దారిలో పోతాయి, కొన్ని ఆలస్యంగా చేరతాయి. అట్లాంటప్పుడు ఆ యంత్రం అదుపు తప్పకుండా నిలబడాలంటే ఏం చెయ్యాలి? ఆమె పాండిత్యమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. గణితం తెలిసినవాళ్లు ఆమె సిద్ధాంతాలను గురించి రాస్తారు. పత్రికా విలేకరిగా నాకు తెలిసింది ఆ ప్రశ్నను కాలువ గట్టు మీదికి తీసుకొచ్చిన ఎస్తేరు రాణి గారు మాత్రమే.

ఆమె మొదటి క్లాసు గురించి కిరణ్ చెప్పగా విన్నాను. ఒక విద్యార్థి కళ్లకు గంతలు కట్టి, అరచేతిలో కర్రను నిలబెట్టమనేవారట. పక్కనున్నవాడు "కుడికి, ఎడమకి" అని చెబుతుండాలి. మధ్యమధ్యలో ఆమె ఆ చెప్పేవాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టేవారు. చేతిలో స్కేలుంటే మొదటి మాట పూర్తయ్యేలోపే పడిపోయేది. పొడవాటి బూజుకర్ర అయితే కాసేపైనా తూలుతూ నిలబడేది. క్లాసంతా గోల. గోల సద్దుమణిగాక, "రేడియో ఎంత మంచిదని ఒక్కటే అడక్కండర్రా. కర్ర ఎంత తొందరపడుతోందో అది కూడా అడగండి. తొందరలేని కర్రకి నాలుగు మాటలు పోయినా పర్లేదు" అనేవారట. పెద్ద పెద్ద సమీకరణాలు ఆ తరవాతే బోర్డు మీదికి వచ్చేవి.

ఆమెతో పనిచెయ్యడం సుఖమేమీ కాదు. కిరణ్ తన పరిశోధన గ్రంథంలో ఒక అధ్యాయం రాసి తెచ్చాడు. అందులో పోయే కబుర్లు బొమ్మాబొరుసులా దేనికది విడివిడిగా పోతాయని అనుకుని లెక్క కట్టాడు. ప్రపంచంలో చాలామంది అట్లాగే కడతారట. ఎస్తేరు రాణి గారు కాగితాలు తిప్పి చూసి వెనక్కిచ్చేశారు. "మన ముసురు బొమ్మాబొరుసూ కాదు నాయనా. పట్టిందంటే విడవదు. ముసురులో ఒక మాట పోయిందంటే దాని వెనకాల మాట కూడా పోయినట్టే. మళ్లీ కట్టు" అన్నారు. ఏడాది పని వృథా అయింది. అతను ఆమె గది బయట మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చున్నారు, ఓదార్చలేదు. "టిఫిన్ చేశావా?" అని మాత్రం అడిగారు. ఇప్పుడతను అదే కాలేజీలో అధ్యాపకుడు. కృష్ణా జిల్లా ముసురును లెక్కలోకి తెచ్చిన ఆ అధ్యాయమే తనకు పేరు తెచ్చిందని చెబుతాడు. అయినా ఆ ఏడాది సంగతి ఎత్తితే అతని గొంతులో ఇప్పటికీ చిన్న కారం వినిపిస్తుంది.

నాకు ఆమె పరిచయం కావడానికి నేను పెట్టిన ఒక హెడ్డింగే కారణం. పామర్రు కింద ఒక పిల్లకాలువ మీద, విజయవాడలో కూర్చుని రేడియో ద్వారా ఎత్తి దించే గేట్లను ప్రయోగంగా పెట్టారు. ఒక ప్రైవేటు కంపెనీ ఆ పని చేసింది. ముసురు రోజుల్లో ఆ గేట్లు అయినదానికీ కానిదానికీ లేస్తూ దిగుతూ ఉండేవి. ఒక రోజు ఎగువ ఊరి పొలాలకు నీరు పారే బోదెలు వెలవెలబోయేవి, కాలువ చివరనున్న శివారు పొలాలు మునిగేవి. మరునాడు ఎగువన గట్టు పొర్లేది, శివారున కాలువ అడుగు కనిపించేది. చివరికి రైతులు గేటును గొలుసుతో కట్టేశారు. "గేట్లకు పిచ్చి పట్టింది" అని పెట్టి వార్త రాశాను. పత్రిక వచ్చిన రోజే ఫోను వచ్చింది.

"మీ హెడ్డింగు తప్పండీ. గేటుకి పిచ్చేం పట్టలేదు. చెప్పిన మాట వింది. రెండుసార్లు వింది, అంతే."

"ఎవరండీ మాట్లాడేది?"

"పేరు తరవాత చెప్తాను. ముందు ఇది రాసుకోండి."

ఆమె చెప్పింది ఇది. ఆఫీసులో కూర్చున్నాయన "ఇంకో రెండంగుళాలు ఎత్తు" అని నొక్కుతాడు. గేటు ఎత్తుతుంది. "ఎత్తాను" అన్న జవాబు దారిలో పోతుంది. జవాబు రాలేదు కదా అని ఆయన మళ్లీ నొక్కుతాడు, గేటు మళ్లీ ఎత్తుతుంది. పైగా వదిలిన నీరు శివారుకు చేరడానికి పూట పడుతుంది. అక్కడ మట్టం పెరగలేదని ఈలోపు ఇంకోసారి నొక్కుతాడు. ఫోను కలవకపోతే పదేపదే నొక్కే మన అలవాటే ఇది. "ఇంకో రెండు అనకూడదండీ. 'మొత్తం మీద ఇక్కడ నిలబడు' అనాలి. అప్పుడు పదిసార్లు విన్నా అక్కడే నిలబడుద్ది" అన్నారు. నేను సవరణ వేశాను. వృత్తిలో నేను సంతోషంగా వేసిన సవరణ అదొక్కటే.

ఆ పద్ధతి ఆమెకు క్లాసులోనే కాదు, వంటింట్లోనూ ఉండేదని గుణదలలో వాళ్లింటికి వెళ్లినప్పుడు తెలిసింది. ఆమె భర్త జాన్ ప్రసాద్ గారు రైల్వేలో పనిచేసి దిగిపోయిన మనిషి, హాస్యప్రియులు. నాకు కాఫీ ఇస్తూ, "చక్కెర ఎంతండీ?" అన్నారు. "ఇంకొంచెం వెయ్యండి" అన్నాను. ఆయన చెంచా పట్టుకుని అట్లాగే ఆగిపోయి లోపలికి చూస్తూ, "ఈయన నిషిద్ధ పదం వాడాడు, రాణీ! వెయ్యమంటావా, వద్దా?" అని కేకేశారు. లోపలి నుంచి జవాబు: "మొత్తం ఎన్ని చెంచాలో అడగండి!" ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో ఆ తరవాత నేను ఎప్పుడూ మొత్తమే చెప్పాను.

అధికారులు ఆ గేట్లను బాగుచెయ్యమని ఆమెను పిలిచారు. గేటుకు చెప్పే మాట మార్పించడం సులువుగానే అయిపోయింది. అసలు చిక్కు దాని తరవాతే వచ్చింది. ఏ కబురూ చేరకుండా పూటల తరబడి మౌనమైపోతే గేటు ఏం చెయ్యాలి?

"సిగ్నల్ లేకపోతే మూసుకుపోయేట్టు పెట్టామండీ. సేఫ్" అన్నాడు కంపెనీ ఇంజినీరు.

"ఎవరికి సేఫ్?" అన్నారు ఎస్తేరు రాణి గారు.

మూసుకుంటే శివారు ఎండుతుంది, ఎగువన గట్టు పొర్లుతుంది. ఉన్నచోటే ఉంటే, చివరిసారి విన్న మాట తప్పుడు మాటైతే ఆ తప్పే కొనసాగుతుంది. కబురు ఆగిన కొంతసేపటికి గేటు మెల్లగా, నీళ్లు ఊగిపోకుండా, అందరూ ముందే ఒప్పుకున్న ఒక ఎత్తుకు వెళ్లి నిలబడాలన్నది ఆమె తేల్చిన ఉపాయం. ఎంతసేపు ఆగాలో, ఎంత మెల్లగా కదలాలో లెక్క చెబుతుంది. ఏ ఎత్తుకు వెళ్లాలన్నది మాత్రం లెక్కలో లేదు. గేటు ఎంత లేస్తే శివారుకు అంత నీరు, ఎంత దిగితే ఎగువకు అంత నిలవ.

"మేడం గారూ, మీరే ఏదో ఒకటి వేసేస్తే సంతకాలు పెట్టుకుందాం" అన్నారు అధికారి.

"నేను వెయ్యనండీ. నాకు అక్కడ పొలం లేదు."

మొదట జరిగిన సమావేశం వట్టి తగాదా. ఎగువ ఊరి తరఫున కోటేశ్వరరావు గారు మాట్లాడారు. తాతల నాటి నుంచి వ్యవసాయం చేస్తున్న పెద్దమనిషి, ఊళ్లో ఆయన మాటకు ఎదురులేదు. శివారు తరఫున నాగమణి మాట్లాడింది. భర్త పోయాక కౌలుకు చేసుకుంటున్న రైతు. అప్పుడామె చేలో వరి వెన్ను తియ్యబోతూ పొట్ట మీద ఉంది. ఆ దశలో నీరందకపోతే గింజ పాలు పోసుకోదు, వెన్నంతా గింజలేని తాలే. ఆ ఏటి తిండీ కౌలూ అంతా ఆ పొట్టలోనే ఉంది.

"నీకు నీళ్లిచ్చి మేమేం తాగాలమ్మా?" అన్నారు కోటేశ్వరరావు గారు.

"మీ బోదెల్లో బాతులు ఈదుతున్నాయి బాబాయి గారూ. నా చేలో నెర్రెల్లో కాలు ఇరుక్కుపోతంది. ఎవరికి దాహమో బాతుల్ని అడగండి!"

నవ్వులు, కేకలు, ఎవరి దోవన వాళ్లు. ఎస్తేరు రాణి గారు మొండిపట్టు పట్టారు. ఎత్తు తేలేదాకా గేటును రేడియోకు కలపనన్నారు. రోజులు గడిచిపోతున్నాయి. దించి గొలుసు కట్టిన గేటు కట్టినట్టే ఉంది. ఒక మధ్యాహ్నం నాగమణి బస్సెక్కి నేరుగా కాలేజీకే వచ్చేసింది. నేనక్కడే ఉన్నాను.

"మేడం గారూ, మీ న్యాయం తేలేలోపు నా పైరు తాలైపోద్దండీ. మీరేదో ఒకటి వేస్తే సగమన్నా దక్కేది. తప్పు వెయ్యకూడదని మీరు కూర్చున్నారు, ఎండేది నాది."

ఎస్తేరు రాణి గారి ముఖం అంతగా వాడిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. "నిజమేనమ్మా. నేను వాళ్లని అడిగిన ప్రశ్నే తప్పు. రేపు అందరూ గేటు దగ్గరికి రండి" అన్నారు.

మరునాడు గేటు స్తంభం పక్కన నిలబడి సుద్దముక్క తీశారు. కోటేశ్వరరావు గారి చేతిలో పెట్టారు. "బాబాయి గారూ, మీకెంత కావాలో వద్దు. గేటు ఇంతకంటే దిగితే శివారు ఎండిపోద్ది అన్నచోట గీత గియ్యండి. ఆ పొలాలు మీకు తెలియవా?"

"తెలియకేం. మా చెల్లెల్ని అక్కడే ఇచ్చాం" అన్నారాయన కాస్త తడబడి. కింద ఒక గీత గీశారు.

"అంతేనా బాబాయి గారూ?" అంది నాగమణి. "మీ చెల్లెలు గారు ఇక్కడుంటే ఆ గీత చూసి ఏమంటారు?"

జనం నవ్వారు. ఆయన గీత చెరిపి, జానెడు పైకి గీశారు.

సుద్దముక్క నాగమణికి వచ్చింది. "ఇంతకంటే లేస్తే ఎగువ బోదెలకి నీళ్లెక్కవు అన్నచోట నువ్వు గియ్యమ్మా."

నాగమణి కాలువ వైపు చూసింది. "ముందు ఎక్కకుండా పోయేది ఆళ్ల మెరక పొలాలకే" అని గొణుక్కుంటూ గీసింది. కోటేశ్వరరావు గారు వంగి చూశారు. ఆయన భయపడినంత పైన లేదు ఆ గీత. "పర్లేదు, ధర్మంగానే గీసింది" అన్నారు. మెచ్చుకోవడానికి మనసొప్పకపోయినా అన్నారు.

రెండు గీతల మధ్య జానెడు ఖాళీ మిగిలింది. ఎస్తేరు రాణి గారు ఆ ఖాళీ మీద అరచెయ్యి ఆనించి, "ఇందులో ఎక్కడ నిలబడినా ఎవరూ చావరు. మిగతాది లెక్క. అది నేను చూసుకుంటా" అన్నారు. ఆ సాయంత్రమే గొలుసు విప్పారు. ముసురు మళ్లీ పట్టింది, రేడియో మళ్లీ మూగబోయింది. గేటు మెల్లగా వెళ్లి ఆ గీతల మధ్యే నిలబడింది.

కథ ఇక్కడ సుఖాంతమని రాస్తే ఆమె ఒప్పుకోరు. నాగమణి చేలో కాలువకు దూరంగా ఉన్న నేల చెక్క అప్పటికే తాలైపోయింది. కోతలప్పుడు ఎస్తేరు రాణి గారు వెళ్లి ఆ చెక్కలోనే నిలబడి, ఒక వెన్ను చేతిలో నలిపి, పొట్టు ఊదారు. గింజ లేదు. "ఇది నా మొండితనం ఖరీదు" అన్నారు. నాగమణి, "పోనీండి మేడం గారూ, తక్కింది దక్కింది కదా. ఎండలో నిలబడకండి" అంది. దాని తరవాత ఆమె తన శిష్యులకు ఇంకో పాఠం కూడా చెప్పడం మొదలుపెట్టారని కిరణ్ అంటాడు: "సరైన జవాబు వచ్చేలోపు ఏం చెయ్యాలో దానికి కూడా ఒక జవాబుండాలి."

కాలువలో పూడిక పెరుగుతుంది, పైరు మారుతుంది. అందుకే ప్రతి సార్వాకూ, ప్రతి దాళ్వాకూ నీళ్లు వదిలేముందు పాత గీతలు కడిగి కొత్తవి గీసేవారు. సుద్దముక్క ఆమే తెచ్చేవారు. ఎగువవాళ్ల చేత శివారు గీత, శివారువాళ్ల చేత ఎగువ గీత. ఒక్క పంటకూ ఆ వరస తప్పలేదు. తగాదా లేకుండా కూడా ఒక్కసారీ జరగలేదు. తగాదా ముదిరితే ఆమె గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర విప్పేవారు. "మీరు కానివ్వండి, నాకు తొందర లేదు" అనేవారు. రెండు ఊళ్లవాళ్లూ ఆమెను తిట్టుకున్నారు, రెండు ఊళ్లవాళ్లూ ఆమె మాట విన్నారు.

సమాధి కార్యక్రమానికి కోటేశ్వరరావు గారు, నాగమణి ఒకే ఆటోలో వచ్చారు. ఇద్దరూ చర్చి వెనక వరసలో పక్కపక్కనే కూర్చున్నారు. ఏ పాటకు లేవాలో, దేనికి కూర్చోవాలో తెలియక ముందువాళ్లను చూసి లేస్తూ కూర్చుంటూ ఉన్నారు. జాన్ ప్రసాద్ గారు వాళ్ల చేతులు పట్టుకుని, "నీళ్లెప్పుడొదులుతున్నారు? ఆవిడ అడుగుతూనే ఉంది" అన్నారు. నా దగ్గరున్న తేదీ ఆయనకు చెప్పాను.

ఆ తేదీకి ముందురోజు కిరణ్‌తో కలిసి నేనూ గేటు దగ్గరికి వెళ్లాను. లెక్కలన్నీ అతను చేసి తెచ్చాడు. కాలువ ఈసారి బాగా పూడింది. పాత గీతల మధ్య గేటు నిలబడితే శివారుకు చేరేది నిరుటికంటే తక్కువేనని తేలింది. కిరణ్ సుద్దముక్క తీసి కోటేశ్వరరావు గారికి ఇవ్వబోయాడు. ఆయన అందుకోలేదు.

"నువ్వు ఇస్తే ఎట్టా గీస్తానయ్యా? నేను తక్కువ గీస్తే తప్పని చెప్పే మనిషేది?"

"నేను చెప్తానుగా బాబాయి గారూ!" అంది నాగమణి.

"నువ్వు చెప్తే తగాదా అవుద్ది. ఆవిడ చెప్తే సిగ్గేసేది."

కిరణ్ ఇంకోసారి నచ్చజెప్పబోయాడు. లెక్క చూపించాడు, పూడిక ఎంతుందో చెప్పాడు. లెక్కతో ఎవరికీ పేచీ లేదు. సుద్దముక్క మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

"ఈ సార్వాకి ఆవిడ గీయించిందే ఉండనీండి" అంది చివరికి నాగమణి. అట్లా ఉంచితే నష్టం ఎవరికో అక్కడున్న అందరికీ తెలుసు. ఆమెకు అందరికంటే బాగా తెలుసు. కోటేశ్వరరావు గారు తలవంచుకుని గట్టు దిగి వెళ్లిపోయారు.

ఎస్తేరు రాణి గారి సమీకరణాలు పదిలంగా ఉన్నాయి. వాటిని చదివి అర్థం చేసుకునే శిష్యులు దేశమంతా ఉన్నారు. ఎంతకంటే తక్కువైతే ఎదుటివాడు బతకలేడో ఆ గీత మన చేతే గీయించగలిగిన ఆ మనిషి మాత్రం మరి లేదు. ఆ పుణ్యమూర్తికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న నీళ్లు వదిలారు. సాయంత్రం నుంచి ముసురు పట్టి రేడియో మూగబోయింది. గేటు పాత గీతల మధ్యే నిలబడి ఉంది. శివారు నుంచి నాగమణి ఫోను చేసి, నీళ్లు ఇంకా రాలేదంది.